అడుగున ఆరు అక్షరాలుంటే మింగ్ కాలానిదేనా? ఒక వాట్సాప్ ఫార్వర్డ్‌కి జవాబు

"మీ ఇంట్లో నీలం బొమ్మలున్న తెల్ల పింగాణి పాత్ర ఉందా? పారేయకండి! కోట్లు పలుకుతుంది!!" అని మొదలయ్యే మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. మా ఫ్యామిలీ గ్రూపులోనే అది మూడుసార్లు తిరిగింది. చూడనివాళ్ల కోసం అందులో ఉన్న సరుకు క్లుప్తంగా చెబుతాను. ఆ నీలం చైనావాళ్లు కనిపెట్టిన రహస్యమట. ఆ పాత్రలు చక్రవర్తి వాడకానికే చేసేవారట. డ్రాగన్‌కి ఐదు గోళ్లుంటే అది రాజుగారి సొత్తేనట. అడుగున ఆరు చైనా అక్షరాలుంటే మింగ్ వంశం (1368–1644) నాటిదని గ్యారంటీ అట. మీద ఉన్న బొమ్మలన్నీ రహస్య సంకేతాలు, ఒక్కో బొమ్మకి ఒక్కో అర్థం, వాటిని పట్టుకుంటే పాత్ర వయసు చెప్పేయొచ్చట. చెట్టు, వంతెన, రెండు పిట్టలు కనిపిస్తే వేల ఏళ్ల నాటి చైనా ప్రేమకథట. విషం కలిపిన అన్నం వడ్డిస్తే పళ్లెం పగిలిపోతుందట. చివర్లో ఉదాహరణగా, అమెరికాలో ఒకాయన 35 డాలర్లకి కొన్న గిన్నె ఏడు లక్షల డాలర్లకి పైగా అమ్ముడుపోయిన సంగతి.

ఆ చివరిది నిజమే. దాని ఊతంతోనే మిగతావన్నీ నడుస్తున్నాయి.

నేనైతే నవ్వి ఊరుకునేవాణ్ణి. కానీ మా బాబాయి ఈ మెసేజ్ నమ్మి ఒక ఎగ్జిబిషన్‌లో పద్దెనిమిది వేలు పోసి జాడీ కొన్నాడు. "ఒరేయ్, అడుగున ఆరు అక్షరాలున్నాయిరా, నేనే లెక్కపెట్టాను" అని రాత్రి పదిన్నరకి ఫోన్. నేను మ్యూజియం ఉద్యోగిని కాదు, వ్యాపారినీ కాదు. పదిహేనేళ్లుగా ఈ పాత్రల పిచ్చి పట్టి, కనిపించినచోటల్లా ఆగి చూస్తూ, దొరికింది చదువుతూ ఉన్నవాణ్ణి. ఆ రాత్రి ఫోన్‌లో చెప్పింది కొంత, చెప్పలేకపోయింది కొంత ఇక్కడ రాస్తున్నాను.

"ఆ నీలం చైనావాళ్ల రహస్యం"

తెలుపు వాళ్లది. నీలం కాదు.

జియాంగ్‌షీ రాష్ట్రంలో జింగ్‌డెజెన్ అనే ఊరుంది. ఈ పాత్రల్లో పేరున్నవి చాలావరకు అక్కడివే. ఆ పక్కనే ఉన్న గావ్‌లింగ్ అనే చోటు పేరు మీదే తెల్లమట్టికి కేవొలిన్ అన్న పేరొచ్చింది. ఆ మట్టిని, పొడి కొట్టిన ఒక రకం రాయినీ కలిపి సుమారు 1300 డిగ్రీల దగ్గర కాలిస్తే గాజులాగా గట్టిపడి, పల్చటి చోట వెలుతురు కూడా దాటనిచ్చే తెల్లటి పాత్ర వస్తుంది. ఈ విద్యలో చైనాకి శతాబ్దాల పాటు పోటీయే లేదు.

నీలం మాత్రం కోబాల్ట్ ఖనిజం. పద్నాలుగో శతాబ్దంలో ఈ పాత్రలు వెల్లువలా తయారైనప్పుడు మేలురకం కోబాల్ట్ పర్షియా నుంచి, అంటే నేటి ఇరాన్ నుంచి వచ్చేది. అప్పుడు చైనాని ఏలుతున్నది మంగోలులు. పశ్చిమాసియాతో దారులు తెరిచి ఉన్నాయి, ముస్లిం వర్తకులు చైనా రేవుల్లో స్థిరపడి ఉన్నారు. పెద్ద పెద్ద నీలం-తెలుపు పళ్లేలు కావాలని అడిగిన కొనుగోలుదారులూ ఎక్కువగా అటువైపు వాళ్లే. తర్వాత మింగ్ కాలంలో బయటినుంచి వచ్చిన ఒక రకం నీలాన్ని చైనావాళ్లే 'హుయి చింగ్' అన్నారు. అంటే ముస్లింల నీలం. దాచుకోవాల్సిన రహస్యమైతే పరాయివాళ్ల పేరు పెట్టి పిలుస్తారా?

అంతకు ఐదు వందల ఏళ్ల ముందు కూడా చైనాలో ఈ ప్రయత్నం జరగకపోలేదు. ఇండోనేషియాలోని బెలితుంగ్ దీవి దగ్గర 1998లో బయటపడిన ఓడ తొమ్మిదో శతాబ్దంలో మునిగింది. అందులో వేల కొద్దీ చైనా పాత్రలుంటే, నీలం-తెలుపు పళ్లేలు మూడే మూడు. అవి పశ్చిమానికి వెళ్తున్న సరుకులో ఉన్నాయి. ఆ తర్వాత చాలాకాలం చైనాలో ఆ నీలం-తెలుపు ప్రయత్నం దాదాపు ఆగిపోయింది.

ఈ సందర్భంలో నాకు ఇష్టమైన సంగతి ఒకటుంది. మనం వాడే 'పింగాణి' అనే మాట కూడా పారసీకంలోని 'పింగాన్' నుంచి వచ్చిందే. గిన్నె అని అర్థం. రంగు పర్షియా నుంచి తూర్పుకి వెళ్లి చైనా పాత్ర మీద కూర్చుంది. మాట పర్షియా నుంచి ఇటొచ్చి మన వంటింట్లో కూర్చుంది.

"చక్రవర్తుల కోసమే చేసేవారు"

1388 నాటికి, అంటే మింగ్ వంశం గద్దెనెక్కిన ఇరవై ఏళ్లకి, ట్సావ్ జావ్ అనే రసికుడు పాతవస్తువులు ఎలా ఎంచాలో చెబుతూ ఒక పుస్తకం రాశాడు. అందులో నీలం బొమ్మల పాత్రల్ని మొరటువి అని తీసిపారేశాడు. అప్పటి చదువుకున్నవాళ్ల అభిరుచి ఒకే రంగులో, బొమ్మల హడావుడి లేకుండా ఉండే పాత్రల మీద ఉండేది. రాజదర్బారు నీలం-తెలుపుని నెత్తిన పెట్టుకున్నది ఆ తర్వాత, పదిహేనో శతాబ్దంలో.

అసలు ఈ పాత్రల చరిత్రకే మూలస్తంభం లాంటి జంట ఒకటి లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. డేవిడ్ వాజులు అంటారు. వాటి మెడ మీద రాత ఉంది. జాంగ్ వెన్‌జిన్ అనే భక్తుడు తన ఇంటిల్లిపాదీ క్షేమంగా ఉండాలని మొక్కుకుని, ఒక ధూపపాత్రతో పాటు ఈ జంటని గుడికి సమర్పించాడు. సంవత్సరం 1351. ధూపపాత్ర ఏమైందో ఎవరికీ తెలియదు. రాజుతో ఏ సంబంధమూ లేదు, మన దగ్గర గుడికి గంట చేయించి దాని మీద పేరు చెక్కించుకోవడం లాంటిదే. ఆ తేదీ ఉండబట్టే, 1950లలో జాన్ పోప్ అనే అమెరికన్ పండితుడు వాటితో పోల్చి చూసి, ఇస్తాంబుల్‌లోనూ ఇరాన్‌లోనూ ఉన్న పళ్లేల్లో ఏవి పద్నాలుగో శతాబ్దానివో తేల్చగలిగాడు.

ఇస్తాంబుల్ టోప్‌కాపి రాజభవనంలో పదివేలకు పైగా చైనా పాత్రలున్నాయి. ఇరాన్‌లోని అర్దబిల్ దర్గాకి 1611లో షా అబ్బాస్ వెయ్యికి పైగా సమర్పించాడు. మన ఢిల్లీలో తుగ్లక్‌ల కోట ఫిరోజ్ షా కోట్లాలో ఇలాంటి పద్నాలుగో శతాబ్దపు పాత్రల ముక్కలు దొరికాయి. ఇవన్నీ రాజుల సొత్తే కదా అంటారేమో. రాజులే, కానీ చైనా రాజులు కారు.

ఇక మామూలు సరుకు సంగతి. 1603లో డచ్చివాళ్లు సింగపూర్ దగ్గర సాంతా కాతరీనా అనే పోర్చుగీసు ఓడని పట్టుకున్నారు. అందులో సుమారు లక్ష పింగాణి పాత్రలున్నాయని అంచనా. మరుసటి సంవత్సరం ఆమ్‌స్టర్‌డామ్‌లో వేలం వేస్తే యూరప్ అంతా ఎగబడింది. లక్ష పాత్రలు ఏ చక్రవర్తి వంటింటికీ అక్కర్లేదు.

"ఐదు గోళ్లుంటే రాజుగారిదే"

ఇందులో పావు వంతు నిజముంది. మింగ్ వంశం, దాని తర్వాత 1912 దాకా ఏలిన చింగ్ వంశం కాలంలో ఐదు గోళ్ల డ్రాగన్ చక్రవర్తి గుర్తు, నాలుగు గోళ్లది అంతకు కింది వాళ్లకి అనే నియమం ఉండేది. రాజుగారి కొలిమిలో లోపంతో వచ్చిన పాత్రల్ని బయటికి పోకుండా పగలగొట్టి పాతిపెట్టేవారు. ఆ ముక్కలు జింగ్‌డెజెన్‌లో తవ్వకాల్లో గుట్టలుగా దొరికాయి.

కానీ నియమం ఉందంటేనే దాన్ని తప్పేవాళ్లు ఉన్నారని. రాజభవనం దాటి వచ్చిన కొన్ని పాత్రల మీద ఐదో గోటిని గీకేసి నాలుగు చేసిన ఆనవాళ్లున్నాయి. చింగ్ వంశం చివరి రోజుల్లో ఎవరూ పట్టించుకోలేదు. 1912లో రాజరికమే పోయాక ఐదు గోళ్లు వేయడానికి అడ్డెవరు? నిన్న గాక మొన్న ఫ్యాక్టరీలో అచ్చొత్తిన డ్రాగన్‌కీ ఐదే. అటు డేవిడ్ వాజుల మీద డ్రాగన్లకి నాలుగే గోళ్లు. ఫార్వర్డ్ లెక్కన అవి పనికిరానివి, ఆ ఫ్యాక్టరీ సరుకు పనికొచ్చేది.

"ఆరు అక్షరాలుంటే మింగ్ గ్యారంటీ"

బాబాయిని ముంచిన పాయింట్ ఇదే కాబట్టి కాస్త ఆగి చెబుతాను.

ఆ ఆరు అక్షరాలు సాధారణంగా ఇలా ఉంటాయి: మొదటి రెండూ వంశం పేరు, 'మహా మింగ్' అని. తర్వాతి రెండూ ఏలుబడి పేరు. చివరి రెండూ 'కాలంలో చేసినది' అని. ఈ అలవాటు గట్టిగా నిలదొక్కుకున్నది షువాన్‌డే చక్రవర్తి ఏలుబడిలో, 1426 నుంచి 1435 మధ్య. పదేళ్లే. కానీ ఆయన పేరున్న పాత్రలు లోకంలో పదేళ్లలో తయారు కాగలిగినవాటికంటే ఎన్నో రెట్లు ఉన్నాయి.

ఎందుకంటే తర్వాతి తరాలవాళ్లు పాత రాజు పేరు మానకుండా రాస్తూ వచ్చారు. చింగ్ వంశపు కాంగ్‌షీ చక్రవర్తి కాలంలో, అంటే 1662 నుంచి 1722 దాకా, షువాన్‌డే పేరూ మరో మింగ్ చక్రవర్తి చెంగ్‌హువా పేరూ కొల్లలుగా వేశారు. అన్నీ మోసం కోసం కాదు. పాత పనితనానికి దండం పెట్టడం కొంత, 'ఆ స్థాయిలో చేశాం' అని చెప్పుకోవడం కొంత. ఇంకో తమాషా: 1677లో అక్కడి అధికారి ఒకాయన, ఏలుతున్న చక్రవర్తి పేరు పాత్రల మీద రాయొద్దని ఆజ్ఞ వేశాడు. పగిలిన ముక్కలు చెత్తకుప్పలో పడితే రాజుగారి పేరుకి అపచారమని. దాంతో పనివాళ్లు అడుగున ఖాళీగా రెండు వలయాలు గీసి వదిలేశారు, లేదా ఒక ఆకు బొమ్మ వేశారు, లేదా ఎప్పుడో పోయిన మింగ్ రాజు పేరు రాశారు. పోయినవాళ్ల పేరు చెత్తలో పడితే ఫిర్యాదు చేసేవాళ్లు లేరు. అందుకే నిఖార్సైన కాంగ్‌షీ కాలపు మంచి పాత్ర అడుగున అబద్ధపు మింగ్ పేరు ఉండొచ్చు. రెండొందల ఏళ్లు గడిచాక, పంతొమ్మిదో శతాబ్దం చివర్లో, అదే కాంగ్‌షీ పేరు రాసి ఎన్నో జాడీలు చేశారు. చుట్టరికం అలా సాగుతూనే ఉంది.

అసలు ముద్ర రాసేది ఎవరు? జింగ్‌డెజెన్‌లో ఉండి 1712లో పనితీరు గురించి వివరంగా ఉత్తరం రాసిన ఫ్రెంచి మతగురువు ఫాదర్ డాంత్రకోల్ అంటాడు: ఒక్కో పాత్ర డెబ్బై మంది చేతులు మారుతుందని. అంచు గీత గీసేవాడు గీతే గీస్తాడు, పువ్వు ఆకారం వేసేవాడు ఆకారమే వేస్తాడు, రంగు నింపేవాడు వేరే. అడుగు అక్షరాలు రాసేది కూడా ప్రత్యేకంగా అదే పని చేసేవాళ్లే. పైన బొమ్మ వేసిన చేతికీ కింద పేరు రాసిన చేతికీ పరిచయమే ఉండకపోవచ్చు.

ఆ ఉత్తరంలోనే ఇంకో ముచ్చట ఉంది, చదివినప్పుడల్లా నవ్వొస్తుంది. కొత్త పాత్రని పాతదిగా చూపించడానికి దాన్ని కోడి, మాంసం వేసి కాచిన కొవ్వు పులుసులో ఉడికించి, ఆ తర్వాత ఊళ్లోకెల్లా మురికి కాలవలో ఒక నెలకి పైగా పడేసేవారట. తీసి చూపిస్తే మూడు నాలుగు వందల ఏళ్ల నాటిదంటూ అమ్ముడుపోయేది. ఇది 1712 మాట. నకిలీల వ్యాపారానికే ఇప్పుడు మూడొందల ఏళ్లు దాటాయి.

"బొమ్మలన్నీ రహస్య సంకేతాలు, ఒక్కో దానికి ఒక్కో అర్థం"

రహస్యమూ కాదు, ఒక్కో అర్థమూ కాదు. నిజం ఇంతకంటే చాలా సరదాగా ఉంటుంది.

చైనా భాషలో పలుకుబడి ఒకటే, అర్థం వేరు అయిన మాటలు లెక్కలేనన్ని. దాన్ని ఆసరా చేసుకుని వాళ్లు బొమ్మలతో శ్లేష ఆడారు. మన అవధానులు మాటతో చేసేది వాళ్ల చిత్రకారులు కుంచెతో చేశారు. గబ్బిలాన్నే చూడండి. మనకి గబ్బిలం ఇంట్లోకొస్తే అపశకునం. మా పిన్ని బాబాయి జాడీ మీద గబ్బిలాలు చూసి "ఇది ఇంట్లో వద్దు" అంది. చైనాలో గబ్బిలాన్ని 'ఫూ' అంటారు, సౌభాగ్యాన్నీ 'ఫూ' అంటారు. ఐదు గబ్బిలాలు ఐదు భాగ్యాలు: దీర్ఘాయువు, సంపద, ఆరోగ్యం, మంచి నడవడి మీద ప్రీతి, చివర్లో ప్రశాంతమైన మరణం. తలకిందులుగా వేలాడే గబ్బిలమైతే ఇంకా మంచిది. 'తలకిందులు' అనే మాట 'వచ్చింది' అనే మాటలాగే పలుకుతుంది కాబట్టి, భాగ్యం ఇంటికొచ్చింది అన్నమాట.

చేప 'యూ', మిగులు కూడా 'యూ'. చేప పక్కన తామర వేస్తే, తామర 'ల్యెన్', ఎడతెగకుండా అన్నదీ 'ల్యెన్', ఏటేటా ఇంట్లో మిగులుండాలని దీవెన. అదే తామర పక్కన చేపకి బదులు తెల్ల కొంగ నిలబడితే అర్థం మారిపోతుంది: దారిపొడవునా వరుసగా పరీక్షలు పాసవ్వాలని. రాజకొలువు పరీక్షలకి వెళ్లే కుర్రాళ్లకి ఆ బొమ్మ. మన కోచింగ్ సెంటర్ల గోడల మీద ఉండాల్సిన కొంగ అది. ఒంటి కాడతో ఒకే తామర కనిపిస్తే, 'నిర్మలమైన, లంచం ముట్టని' అనే మాటకి శ్లేష. అధికారికి బహుమతిగా ఇచ్చేది. బౌద్ధుల పళ్లెం మీదైతే తామర మనకి తెలిసిన తామరే, బురదలో పుట్టి బురద అంటనిది. ఒక్క పువ్వుకి నాలుగు పాఠాలు. పక్కన ఎవరున్నారు, ఎవరు ఎవరికి ఇస్తున్నారు అన్నది తెలియకుండా ఇది 'శుద్ధత', అది 'ఐశ్వర్యం' అని పట్టిక వేస్తే, సంధి విడదీయకుండా పద్యానికి అర్థం చెప్పినట్టు ఉంటుంది.

పూలకుండీ 'పింగ్', శాంతి కూడా 'పింగ్'. ఏనుగు మీద కుండీ కనిపిస్తే లోకం చల్లగా ఉందనడానికి గుర్తులు కనిపిస్తున్నాయని. పిల్లి, సీతాకోకచిలుక కలిసి ఉంటే అది పిల్లి ఆట కాదు. పిల్లి పేరు, సీతాకోకచిలుక పేరు డెబ్బై ఎనభై తొంభై ఏళ్ల వయసుకి వాడే మాటల్లా వినిపిస్తాయి. షష్టిపూర్తికి ఇచ్చే బహుమతి లాంటిది. కోతి గుర్రమెక్కితే, 'వెంటనే' పెద్ద పదవి రావాలని.

శ్లేష లేనివి కూడా బోలెడు. దేవదారు, వెదురు, ప్లమ్ పువ్వు మూడూ చలికి తట్టుకుంటాయి కాబట్టి 'చలికాలపు ముగ్గురు స్నేహితులు'. దానిమ్మపండు గింజల వల్ల సంతానం. ఏటికి ఎదురీది డ్రాగన్ ద్వారం దూకిన కార్ప్ చేప పరీక్ష నెగ్గినవాడు.

ఇవన్నీ పెళ్లికి, పుట్టినరోజుకి, కొత్త సంవత్సరానికి ఇచ్చుకునే దీవెనలు. అందుకున్నవాళ్లు చూడగానే నవ్వాలి, అర్థం కాకపోతే బహుమతి వృథా. మన గుమ్మానికి కట్టిన మామిడాకుల తోరణాన్ని ఎవరైనా రహస్య సంకేతం అంటే ఎలా ఉంటుందో, ఆ ఫార్వర్డ్ చూసిన చైనావాళ్లకి అలా ఉంటుంది.

స్వస్తిక్ గురించి కూడా చెప్పాలి, ఆ మెసేజ్ కింద "చూశారా, మన స్వస్తిక్! ఇవి మన దేశం నుంచే వెళ్లాయి" అని ఎవరో జోడించారు కాబట్టి. గుర్తు బౌద్ధంతో పాటు భారతదేశం నుంచి వెళ్లిన మాట నిజం. పాత్ర వెళ్లలేదు. అక్కడ ఆ గుర్తుకి 693లో వూ జెత్యెన్ మహారాణి 'వాన్' అని పలకాలని శాసించింది. 'వాన్' అంటే పదివేలు. అందుకే ఆయుష్షు అనే అక్షరం చుట్టూ స్వస్తిక్‌లు అల్లితే పదివేల ఏళ్లు బతకమని. మన గుర్తు అక్కడ అంకె అయి కూర్చుంది. నిజంగా మనవైపు నుంచి వెళ్లినవి చూడాలంటే చక్రం, శంఖం, గొడుగు, జంట చేపలు ఉన్న బౌద్ధుల అష్టమంగళ చిహ్నాలు చూడండి. పదిహేనో శతాబ్దపు కొన్ని గిన్నెల మీద సంస్కృత బీజాక్షరాలు కూడా ఉన్నాయి, దేవనాగరిలో కాదు, టిబెట్ బౌద్ధులు వాడే రంజనా లిపిలో. ఆ తర్వాత 1506 నుంచి 1521 దాకా ఏలిన జెంగ్‌డే కాలపు పాత్రల మీద అరబ్బీ, పారసీ వాక్యాలున్నాయి. 'ప్రాచీన చైనా రహస్య భాష' ఇన్ని లిపుల్లో ఎలా వచ్చింది?

ఇక వయసు సంగతి. తామర తీగ అల్లిక పద్నాలుగో శతాబ్దంలో వేశారు, పద్దెనిమిదిలో వేశారు, ఈ ఉదయం కూడా ఎక్కడో వేస్తూనే ఉంటారు. బొమ్మని చూస్తే పాత్ర ఏం కోరుకుంటోందో తెలుస్తుంది. ఎప్పుడు పుట్టిందో తెలియాలంటే మట్టి, అడుగు అంచు కోసిన తీరు, గాజుపూత కింద నీలం ఎలా పాకింది, బరువు చేతిలో ఎలా ఆనుతోంది అన్నవి చూడాలి. అవీ సులువు కాదు. పర్షియా కోబాల్ట్‌లో ఇనుము ఎక్కువ, అందుకని పదిహేనో శతాబ్దపు మొదటి పాత్రల మీద నీలం చిక్కగా ఉన్నచోట నల్లటి మచ్చలు కడతాయి. అప్పట్లో అది పనివాళ్లకి తలనొప్పి. పద్దెనిమిదో శతాబ్దానికి ఆ మచ్చలే పాతదనానికి గుర్తు అయిపోయాయి. అప్పటి పనివాళ్లు, మంచి నీలంతో గీత గీసి, దాని మీద కుంచె మొనతో పనిగట్టుకుని చుక్కలు పెట్టేవారు. లోపాన్ని కూడా నకలు కొట్టారు. నాకైతే ఆ చుక్కలు అసలు వాటికంటే ముద్దొస్తాయి.

"వంతెన, రెండు పిట్టలు: వేల ఏళ్ల ప్రేమకథ"

ఇది చైనాది కాదు. ఇంగ్లండుది.

విల్లో చెట్టు, వంతెన మీద ముగ్గురు, మేడ, పడవ, ఆకాశంలో రెండు పావురాలు ఉన్న ఆ డిజైన్ పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఇంగ్లీషు కుమ్మరి పనివాళ్లు చైనా బొమ్మల్లోంచి తలా ఒక ముక్క తీసుకుని కలిపి వండినది. చేత్తో వేసినది కూడా కాదు, రాగిరేకు మీద చెక్కి, కాగితం మీదికి అచ్చు తీసి, ఆ కాగితాన్ని పాత్రకి అద్దేవారు. ధనవంతుడి కూతురు, పేద గుమాస్తా ప్రేమించుకుని పారిపోతే తండ్రి తరిమాడని, చివరికి ఇద్దరూ పావురాలయ్యారని చెప్పే కథ 1849లో ఒక ఇంగ్లీషు పత్రికలో వచ్చింది. అంటే పళ్లేలు అమ్మడం మొదలైన యాభై ఏళ్ల తర్వాత, అమ్మకాలకి పనికొచ్చే కథ దొరికింది. ఆ తర్వాత చైనా పనివాళ్లు కూడా గిరాకీ చూసి ఆ ఇంగ్లీషు 'చైనా' బొమ్మని నకలు వేశారు.

"విషం పెడితే పగిలిపోతుంది"

ఈ నమ్మకం మనవైపు గట్టిగానే ఉండేది, మొగలుల దగ్గరా నవాబుల ఇళ్లలోనూ. కానీ అది నీలం-తెలుపు పాత్రల గురించి కాదు. సెలడాన్ అనే లేత ఆకుపచ్చ చైనా పళ్లేల గురించి. వాటిని 'మర్తబానీ' అనేవారు, బర్మాలోని మర్తబాన్ రేవు పేరు మీద. హైదరాబాద్‌లో ఊరగాయ జాడీని ఇప్పటికీ మర్తబాన్ అనేవాళ్లున్నారు, ఆ రేవు పేరు అలా బతికుంది. పగిలిపోవడం మాత్రం జరగదు. పైపూత గాజు. పాషాణం పెట్టినా పప్పుచారు పోసినా దానికి ఒకటే.

"35 డాలర్ల గిన్నె"

2020లో అమెరికాలోని కనెక్టికట్‌లో ఒకాయన ఇంటి ముందు పాతసామాను అమ్మకంలో ఆ గిన్నె కొన్నాడు. 2021 మార్చిలో న్యూయార్క్ వేలంలో 7,21,800 డాలర్లకి పోయింది. అది యోంగ్‌లె అనే మింగ్ చక్రవర్తి కాలం నాటిది, అంటే 1403 నుంచి 1424 మధ్యది. ఇప్పుడు ఫార్వర్డ్ చెప్పిన పరీక్షలు దానికి పెట్టండి. దాని మీద డ్రాగన్ లేదు, ఉన్నవి పువ్వులు. యోంగ్‌లె నాటి నీలం-తెలుపు పాత్రల అడుగున రాజు పేరు ఉండటం బహు అరుదు, ఆ అలవాటు ఇంకా స్థిరపడలేదు. ఆరు అక్షరాలు వెతుక్కుంటూ వెళ్లినవాడు ఆ గిన్నెని పక్కన పెట్టి పక్క బల్ల దగ్గరికి పోయేవాడు. నిపుణులు పట్టుకున్నది ఆకారం, నీలం, బొమ్మలు వేసిన తీరు చూసి. అలాంటివి లోకంలో మరో అరడజను మాత్రమే తెలుసు కాబట్టి ఆ ధర.

పాతదైతే చాలు కోట్లు అనుకునేవాళ్లకి ఇంకో లెక్క. 1752లో మునిగిన డచ్చి ఓడ హెల్డర్‌మాల్సెన్ నుంచి 1980లలో లక్షన్నరకి పైగా పాత్రలు పైకి తీశారు. 1822లో మునిగిన టెక్ సింగ్ ఓడలో మూడున్నర లక్షలు. అన్నీ నిఖార్సైనవే, అన్నీ పాతవే. టీ కప్పులు, సాసర్లు, గిన్నెలు సముద్రం అడుగున దొంతర్లుగా పేర్చి ఉన్నాయి. అన్ని ఉన్నాక ఒక్కోదానికి కోట్లు ఎవరిస్తారు?

ఆ తర్వాతి ఆదివారం బాబాయి జాడీ తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. అడుగున ఆరు అక్షరాలు ఉన్న మాట నిజం, షువాన్‌డే పేరే. అక్షరాలు ఒకదానికొకటి అచ్చుగుద్దినట్టు సమానంగా, నీలం ఎక్కడా పాకకుండా ఉన్నాయి. దగ్గరగా చూస్తే నీలం గీతలో కుంచె జాడ లేదు, యంత్రంతో అచ్చు వేస్తే పడే చుక్కలే కనిపించాయి. ఇరవై ముప్పై ఏళ్లది అయ్యుంటుందన్నాను. బాబాయి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "సరే, బొమ్మ సంగతైనా చెప్పు" అన్నాడు. గబ్బిలాల మధ్యన ఒక పూలకుండీ, అందులో పువ్వులకి బదులు మూడు ఈటెల్లాంటి ఆయుధాలు నిలబెట్టి ఉన్నాయి. అది చాలా పాత శ్లేష బాబాయ్, అన్నాను. కుండీ అంటే నిమ్మళంగా, ఆ ఆయుధం పేరు 'జీ', ఉద్యోగంలో మెట్టు కూడా 'జీ'. ఏ ఆటంకం లేకుండా మూడు ప్రమోషన్లు రావాలని దీవెన.

"నేను రిటైరై నాలుగేళ్లయిందిరా" అన్నాడు.